పాత సంఖ్యలు – కొత్త పట్టికలు

ఒక ఊరిలో వెంకటేశ్వర్లు అనే పేరుగలవారు పదిమంది ఉండవచ్చును. ఊరివారికి అందువలన చిక్కు లేదు. ఒకరిని ఇంటిపేరుతోను, మరొకరిని తండ్రిపేరుతోను, వేరొకరిని వృత్తిని బట్టి, ఇంకొకరిని వాకిట్లో ఉన్న వేపచెట్టును బట్టి గుర్తుపడతారు. కంప్యూటరుకు ఈ నేర్పు లేదు. దానికి పేరు ఒకటే అయితే మనిషి కూడా ఒకడే. అందుచేత కంప్యూటరులో భద్రపరచే ప్రతి మనిషికి, ప్రతి వస్తువుకు, ప్రతి లావాదేవీకి మరొకదానికి లేని ఒక గుర్తు ఇవ్వవలసి ఉంటుంది. సాధారణంగా ఆ గుర్తు ఒక సంఖ్య. దీనికి ప్రైమరీ కీ అని పేరు.

కొత్తగా వచ్చే వాటికి కొత్త సంఖ్యలు ఇవ్వటం సులభమే. కాని ఏండ్ల తరబడి ఒక పద్ధతిలో నడిచిన లెక్కలను మరొక పద్ధతిలోకి మార్చవలసి వచ్చినప్పుడు ఒక ప్రశ్న ఎదురౌతుంది. పాత సంఖ్యలను అట్లాగే ఉంచవలెనా, లేక కొత్తవి ఇవ్వవలెనా? ఉంచవలెనంటే, తనంతట తానే సంఖ్యలు ఇచ్చుకుపోయే యంత్రానికి ఆ మాట ఎట్లా చెప్పాలి? చూడటానికి ఇది చిన్న విషయం. కాని ఇక్కడ జరిగే పొరపాటు ఒక రోగి వివరాలను మరొక రోగికి అంటగట్టగలదు.

పట్టికలూ, వాటి మధ్య బంధుత్వమూ

దత్తాంశాన్ని, అనగా సమాచారాన్ని, పట్టికలుగా పేర్చి దాచే పద్ధతికి సిద్ధాంతరూపం ఇచ్చినవాడు ఎడ్గార్ కాడ్. ఆయన ఇంగ్లండులో పుట్టి అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థవారి శాన్ హోజే పరిశోధనశాలలో పనిచేసిన గణితవేత్త. 1970 జూన్‌లో ప్రకటించిన వ్యాసంలో ఆయన ఈ పద్ధతిని వివరించాడు. 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమతి లభించింది. నేడు వాడుకలో ఉన్న ఒరాకిల్, మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్, మైక్రోసాఫ్ట్ వారి సీక్వెల్ సర్వర్ వంటి డేటాబేసులన్నీ ఆ సిద్ధాంతపు బాటలో పుట్టినవే.

ఒక ఆసుపత్రిని ఊహించండి. అక్కడ రోగుల పట్టిక ఒకటి ఉన్నది. అందులో ఒక్కొక్క రోగికి ఒక్కొక్క వరుస. వరుస మొదట రోగి సంఖ్య, పిమ్మట పేరు, వయస్సు, ఊరు ఉంటాయి. మరొక పట్టికలో ఎవరికి ఏ మందు పడదో వ్రాసి ఉన్నది. ఈ రెండవ పట్టికలో రోగి పేరు, ఊరు మళ్ళీ వ్రాయరు. రోగి సంఖ్యను మాత్రమే వ్రాస్తారు. రోగుల పట్టికలో ఆ సంఖ్య ప్రైమరీ కీ. అదే సంఖ్య మందుల పట్టికలో కనబడినప్పుడు దానిని ఫారిన్ కీ అంటారు. పుట్టింట ఉన్నప్పుడు ఒక పేరు, అత్తింట ఉన్నప్పుడు మరొక వరస అయినట్లే, సంఖ్య ఒకటే అయినా ఉన్న చోటును బట్టి దాని పిలుపు మారుతుంది.

ప్రైమరీ కీకి రెండు నియమాలు. అది ఎన్నడూ ఖాళీగా ఉండరాదు. ఏ రెండు వరుసలకూ ఒకటే కారాదు. ఫారిన్ కీకి ఒక నియమం. అది చూపే సంఖ్య మొదటి పట్టికలో ఉండి తీరాలి. ఈ నియమాలను డేటాబేసు స్వయంగా కనిపెట్టి ఉంటుంది. తప్పినదానిని లోపలికి రానివ్వదు.

సంఖ్యలు ఇచ్చేది ఎవరు?

పూర్వం ఆసుపత్రి గుమాస్తా రిజిస్టరులో చివరి సంఖ్యను చూచి, తరువాతి సంఖ్యను వచ్చిన రోగికి ఇచ్చేవాడు. ఒకే కౌంటరు ఉన్నంతకాలం ఇది చక్కగా సాగింది. పది కౌంటర్ల వద్ద పదిమంది ఒకేసారి వ్రాయటం మొదలుపెడితే ఇద్దరు గుమాస్తాలు ఒకే సంఖ్యను ఇద్దరికి ఇచ్చే ప్రమాదం ఉన్నది. కనుక ఈ పనిని డేటాబేసుకే అప్పగించారు. అది తనలో ఒక లెక్కింపు మీటను ఉంచుకుంటుంది. అడిగినప్పుడల్లా మీట ఒక అంకె ముందుకు జరుగుతుంది; వచ్చిన సంఖ్యను కొత్త వరుసకు ఇస్తుంది. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మళ్ళీ ఇవ్వదు. మైసీక్వెల్ దీనిని ఆటో ఇంక్రిమెంట్ అంటుంది. సీక్వెల్ సర్వర్ ఐడెంటిటీ అంటుంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ సీక్వెన్సు అంటాయి. పేర్లు వేరైనా పని ఒకటే.

ఈ మీటకు ఒక స్వభావం ఉన్నది. సంఖ్యను తీసుకున్న తరువాత ఏ కారణం చేతనైనా ఆ వరుస వ్రాయటం ఆగిపోతే, ఆ సంఖ్య వెనుకకు రాదు. అది వృథాగా పోతుంది. చిత్తుగా వ్రాసి కొట్టివేసిన వరుసల సంఖ్యలూ అంతే. అందువలన ఏ పాత పట్టికను చూచినా సంఖ్యల మధ్య ఖాళీలు ఉంటాయి. ఈ ఖాళీలే తరువాతి కథకు మూలం.

మధ్యనున్న దుబాసి

డేటాబేసుకు తెలిసినది పట్టికల భాష. ప్రోగ్రాము వ్రాసేవారు వాడే జావా, పైథాన్, సీ-షార్ప్ వంటి భాషలలో పట్టికలు లేవు; వస్తువులు ఉన్నాయి. రోగి ఒక వస్తువు, చీటీ ఒక వస్తువు. ఈ రెంటి నడుమ ఒక దుబాసి కావలసి వచ్చింది. ప్రోగ్రాములోని వస్తువును పట్టికలోని వరుసగాను, వరుసను తిరిగి వస్తువుగాను మార్చే ఈ దుబాసికి ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్ అని పేరు. క్లుప్తంగా ఓ.ఆర్.ఎం. అంటారు.

జావా వారికి హైబర్నేట్ 2001లో వచ్చింది. రూబీ భాషలో రైల్స్ తోపాటు యాక్టివ్ రికార్డు 2004లోను, పైథాన్‌లో జాంగో 2005లోను వెలువడ్డాయి. మైక్రోసాఫ్ట్ వారి ఎంటిటీ ఫ్రేంవర్కు 2008లో వచ్చింది. పి.హెచ్.పి. భాషకు డాక్ట్రిన్ ఉన్నది. వీటివలన ప్రోగ్రాము వ్రాసేవారికి చాకిరీ చాలా తగ్గింది. కొత్త రోగి అనే వస్తువును తయారుచేసి "దాచు" అంటే చాలు. తక్కినదంతా దుబాసి చూచుకుంటుంది. సంఖ్యను డేటాబేసు నుండి అడిగి తెచ్చి వస్తువుకు తగిలించేది కూడా ఆ దుబాసియే.

రోజువారీ పనిలో ఇది మంచి సదుపాయం. పాత దత్తాంశాన్ని తెచ్చి పోసే రోజున మాత్రం ఇదే సదుపాయం చిక్కుగా మారుతుంది.

నోరెత్తని పొరపాటు

ఆ ఆసుపత్రి పాత పట్టికలో నలుగురు రోగులు ఉన్నారనుకోండి. రామయ్యది 1వ సంఖ్య, లక్ష్మమ్మది 2, సోమయ్యది 4, సీతమ్మది 7. మధ్యలోని 3, 5, 6 సంఖ్యలు ఎప్పుడో కొట్టివేసినవి. మందుల పట్టికలో "4వ సంఖ్య – పెన్సిలిన్ పడదు" అని వ్రాసి ఉన్నది.

ఈ నలుగురిని కొత్త పద్ధతిలోకి చేరుస్తూ సంఖ్యల సంగతి దుబాసికే వదలివేస్తే ఏమి జరుగుతుంది? అది వరుసగా 1, 2, 3, 4 అని ఇచ్చుకుపోతుంది. సోమయ్య 3 అవుతాడు. సీతమ్మ 4 అవుతుంది. తరువాత మందుల పట్టికను ఉన్నది ఉన్నట్లుగా చేరుస్తారు. "4వ సంఖ్యకు పెన్సిలిన్ పడదు." కొత్త పట్టికలో ఆ మాట సీతమ్మకు వర్తిస్తుంది. నిజంగా పెన్సిలిన్ పడని సోమయ్య పేరు ఎదుట ఏ హెచ్చరికా ఉండదు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. డేటాబేసు ఈ తప్పును పట్టుకోలేదు. దాని నియమమల్లా 4 అనే సంఖ్య రోగుల పట్టికలో ఉన్నదా లేదా అన్నదే. ఉన్నది కనుక అది సంతృప్తి చెందుతుంది. ఆ 4 ఎవరో దానికి అనవసరం. 7వ సంఖ్యతో ఏదైనా వ్రాసి ఉంటే దానిని మాత్రం నిరాకరిస్తుంది, కొత్త పట్టికలో 7 లేదు కాబట్టి. కాని పట్టికలో వేలకొలది రోగులు ఉన్నప్పుడు నిరాకరణకు గురయ్యేవి చివరి కొద్దిపాటి వరుసలే. తక్కినవన్నీ నోరు మెదపకుండా తప్పు మనిషిని చేరుకుంటాయి. పని ఆగిపోయే పొరపాటు కంటె పని సాగిపోయే పొరపాటు ప్రమాదకరం.

దీనికి విరుగుడు రెండు విధాలు. పాత సంఖ్యలనే ప్రైమరీ కీలుగా ఉంచటం ఒకటి. కొత్త సంఖ్యలు ఇస్తూ, ఏ పాత సంఖ్యకు ఏ కొత్త సంఖ్య వచ్చినదో జాబితా వ్రాసుకుని, ప్రతి ఫారిన్ కీని ఆ జాబితా ప్రకారం మార్చటం రెండవది. రోగుల చేతిలోని చీటీల మీద, బీరువాలోని కాగితాల మీద పాత సంఖ్యలే ఉన్నాయి. కనుక వీలున్నంతవరకు మొదటిదే మేలు.

కొత్తదా, పాతదా?

వస్తువుకు పాత సంఖ్యను తగిలించి "దాచు" అని చెప్పగానే దుబాసికి ఒక సందేహం వస్తుంది. ఈ వస్తువు కొత్తగా చేర్చవలసినదా, లేక పట్టికలో ఉన్నదానికే మార్పా? చేర్చటానికి ఇన్సర్ట్ అనే ఆజ్ఞ, మార్చటానికి అప్‌డేట్ అనే ఆజ్ఞ పంపవలసి ఉంటుంది. సంఖ్య ఖాళీగా ఉంటే కొత్తదని, సంఖ్య ఉంటే పాతదని గుర్తించటం చాలా దుబాసుల అలవాటు. అనగా సంఖ్య రెండు పనులు చేస్తున్నది: వస్తువు ఎవరో చెప్పటం ఒకటి, అది ఇదివరకే నమోదయినదా అని తెలపటం రెండవది. బయటినుండి సంఖ్యను ఇచ్చినప్పుడు ఈ రెండు పనులకూ పొత్తు కుదరదు.

ఒక్కొక్క దుబాసి ఈ చిక్కును ఒక్కొక్క విధంగా తీరుస్తుంది. హైబర్నేట్‌లో సంఖ్య తానుగా పుట్టవలెనని ముందుగా ప్రకటించి ఉంటే, సంఖ్య ఉన్న వస్తువును "పెర్సిస్ట్" అనే ఆజ్ఞతో దాచబోతే అది తిరస్కరిస్తుంది. "మెర్జ్" అనే ఆజ్ఞతో ప్రయత్నిస్తే ఆ సంఖ్యగల వరుస కోసం పట్టికలో వెదకుతుంది. దొరకకపోతే పాత కూర్పులు కొత్త వరుసను చేర్చి, ఇచ్చిన సంఖ్యను లక్ష్యపెట్టక మరొక సంఖ్యను తగిలించేవి. 6.6 కూర్పు నుండి అట్లా చేయక, పొరపాటని తెలిపి ఆగిపోతుంది.

జాంగో మార్గం వేరు. అది సంఖ్య ఉన్న వస్తువుకు మొదట అప్‌డేట్ పంపి చూస్తుంది. ఏ వరుసా మారకపోతే అప్పుడు ఇన్సర్ట్ పంపుతుంది. కనుక పాత సంఖ్య నిలుస్తుంది. కాని పొరపాటున అదే సంఖ్యతో మరొకరి వరుస పట్టికలో ముందే ఉంటే, ఆ వరుస మీద కొత్త వివరాలు వచ్చి పడతాయి. దీనిని నివారించటానికి "ఫోర్స్ ఇన్సర్ట్" అనే ఏర్పాటు ఉన్నది. దానిని వాడితే చేర్చటమే తప్ప మార్చటం జరగదు. సంఖ్య ముందే ఉంటే పని ఆగిపోతుంది. రైల్స్ వారి యాక్టివ్ రికార్డు, వస్తువు కొత్తదా పాతదా అన్నది సంఖ్యను బట్టి కాక వేరొక గుర్తుతో జ్ఞాపకం ఉంచుకుంటుంది. అందువలన అక్కడ సంఖ్య ఇచ్చినా ఇన్సర్టే జరుగుతుంది.

మీటను పక్కకు పెట్టటం

పాత సంఖ్యలు నిలవాలంటే సంఖ్యలు పుట్టించే పనిని రెండు చోట్ల ఆపవలసి ఉంటుంది. ఒకటి దుబాసి వద్ద, రెండవది డేటాబేసు వద్ద.

దుబాసి వద్ద, "ఈ పట్టికకు సంఖ్య బయటినుండి వస్తుంది, నీవు ఇవ్వనక్కరలేదు" అని ప్రకటించాలి. హైబర్నేట్‌లో సంఖ్య పుట్టించే గుర్తును తొలగిస్తే చాలు. సంఖ్యను ప్రోగ్రామే ఇస్తుందని అది గ్రహిస్తుంది. ఎంటిటీ ఫ్రేంవర్కు కోర్‌లో "వాల్యూ జనరేటెడ్ నెవర్" అనే ప్రకటన ఉన్నది. డాక్ట్రిన్‌లో "అసైన్డ్ జనరేటర్" అనే దానిని ఆ ఒక్క ప్రోగ్రాము నడిచేంతసేపు తాత్కాలికంగా నిలుపవచ్చును. చేర్పు పూర్తి అయిన పిమ్మట మామూలు పద్ధతి యథాప్రకారం సాగాలి గనుక, ఈ మార్పును చేర్పు కొరకు వ్రాసిన ప్రోగ్రాముకే పరిమితం చేయటం మంచిది.

డేటాబేసు వద్ద కూడా అనుమతి కావలసి ఉండవచ్చును. మైసీక్వెల్ ఇచ్చిన సంఖ్యను మారుమాట లేకుండా తీసుకుంటుంది. సీక్వెల్ సర్వర్ తీసుకోదు. ముందుగా "ఐడెంటిటీ ఇన్సర్ట్" అనే తాళం తెరవాలి. ఒక సంబంధంలో ఒక్కసారికి ఒక్క పట్టికకే ఆ తాళం తెరుచుకుంటుంది. అంతేకాదు, తాళం తీసిన సంబంధంలోనే వరుసలు చేర్చాలి. దుబాసి తన ఇష్టప్రకారం మరొక సంబంధం తెరిచి వరుసలు పంపితే తాళం వేసియే ఉంటుంది. ఈ కిటుకు తెలియక చాలామంది విసుగు చెందుతారు. పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చిన 10వ కూర్పు నుండి ఐడెంటిటీ నిలువు గడులలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి "ఎల్లప్పుడు నేనే ఇస్తాను" అనేది. రెండవది "ఇవ్వకపోతే నేను ఇస్తాను" అనేది. మొదటి రకానికి ప్రత్యేకంగా ఆజ్ఞాపిస్తే తప్ప బయటి సంఖ్యను అంగీకరించదు.

సంఖ్య ముందే చేతిలో ఉండటం వలన ఒక లాభం కూడా ఉన్నది. డేటాబేసు ఐడెంటిటీ పద్ధతిలో సంఖ్య ఇచ్చేటప్పుడు, ఒక్కొక్క వరుసను పంపి దాని సంఖ్యను తెలుసుకున్న తరువాతగాని హైబర్నేట్ ముందుకు పోదు. సంఖ్య తెలిసి ఉంటే అనేక వరుసలను కట్టగట్టి ఒకేసారి పంపగలదు. లక్షలాది వరుసలు చేర్చేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ముందు తల్లి, తరువాత బిడ్డ

చేర్చే క్రమం కూడా ముఖ్యమే. ఫారిన్ కీ చూపే సంఖ్య ముందుగా ఉండాలి గనుక, రోగుల పట్టికను నింపిన పిమ్మటనే మందుల పట్టికను నింపాలి. ఇల్లు కట్టేవారు పునాది వేసి గోడలు లేపినట్లే, ఎవరిమీద ఎవరు ఆధారపడుతున్నారో చూచుకుని క్రమం నిర్ణయించుకోవాలి.

కొన్నిచోట్ల పట్టిక తనమీద తానే ఆధారపడుతుంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వరుసలో తల్లి రోగి సంఖ్యను వ్రాసే అలవాటు ఉన్నదనుకోండి. ఏదో ఒక కారణంచేత తల్లి వరుస బిడ్డ వరుస కంటె వెనుక వస్తే చేర్పు ఆగిపోతుంది. అప్పుడు రెండు విడతలుగా పనిచేయాలి. మొదటి విడతలో తల్లి సంఖ్య గడిని ఖాళీగా ఉంచి అందరినీ చేర్చాలి. రెండవ విడతలో ఆ గడులు నింపాలి. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ వంటివి ఫారిన్ కీ పరీక్షను పని చివరివరకు వాయిదా వేసే సదుపాయం కూడా ఇస్తాయి.

ఈ పని అంతా ఒకే లావాదేవీగా, అనగా అంతా జరిగితే జరిగినట్లు, లేకపోతే ఏమీ జరగనట్లు ఉండేటట్లు చేయటం క్షేమం. సగం చేరి సగం మిగిలిన పట్టిక, అసలు చేరని పట్టిక కంటె ఎక్కువ తలనొప్పి.

మీటను ముందుకు జరపటం

పాత సంఖ్యలన్నీ చక్కగా చేరిన తరువాత కూడా పని పూర్తి కాలేదు. పక్కకు పెట్టిన లెక్కింపు మీట ఎక్కడ ఉన్నది?

మైసీక్వెల్, సీక్వెల్ సర్వర్ తమంతట తామే జాగ్రత్త పడతాయి. మీట చూపే సంఖ్య కంటె పెద్ద సంఖ్య లోపలికి వస్తే మీటను దానిని దాటి జరుపుకుంటాయి. పోస్ట్‌గ్రెస్ అట్లా చేయదు. అక్కడ సీక్వెన్సు పట్టికకు వెలుపల ఉన్న వేరొక వస్తువు. దానిని అడగకుండా సంఖ్య లోపలికి వస్తే ఆ సంగతి దానికి తెలియదు. నలుగురు పాత రోగులను చేర్చిన తరువాత కూడా అది 1 దగ్గరనే నిలిచి ఉంటుంది.

మరునాడు ఉదయం ఒక కొత్త రోగి వస్తాడు. మీట 1 ఇస్తుంది. అది రామయ్యది; డేటాబేసు నిరాకరిస్తుంది. గుమాస్తా మళ్ళీ ప్రయత్నిస్తాడు. 2 వస్తుంది, అది లక్ష్మమ్మది. మళ్ళీ నిరాకరణ. మూడవసారి 3 వస్తుంది. అది ఖాళీ కనుక పని జరిగిపోతుంది. "ఏదో తాత్కాలికమైన లోపం, తొలగిపోయింది" అని గుమాస్తా అనుకుంటాడు. కాని ఆ రోగికి దక్కినది ఎప్పుడో కొట్టివేసిన పాత సంఖ్య. బీరువాలో 3వ సంఖ్య మీద పాత కాగితాలు ఏవైనా ఉంటే అవి ఇప్పుడు ఇతనివిగా కనబడతాయి. తరువాతి రోగికి మీట 4 ఇస్తుంది, మళ్ళీ నిరాకరణ. పెద్ద పట్టికలో ఈ ఆట రోజుల తరబడి సాగవచ్చును.

విరుగుడు సులభం. చేర్పు ముగియగానే పట్టికలోని అన్నింటికంటె పెద్ద సంఖ్యను చూచి, మీటను అక్కడికి జరపాలి. పోస్ట్‌గ్రెస్‌లో "సెట్‌వాల్" అనేది ఈ పని చేస్తుంది. జాంగోలో ఇందుకు కావలసిన ఆజ్ఞలను వ్రాసిచ్చే సాధనం ఉన్నది. రైల్స్‌లో కూడా ఇటువంటి ఏర్పాటు కలదు.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఒకటి ఉన్నది. పాత దత్తాంశంలో ఎవరో పొరపాటున సంఖ్య గడిలో టెలిఫోను నంబరు వంటి పెద్ద అంకె వ్రాసి ఉండవచ్చును. సాధారణంగా వాడే 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతిపెద్ద సంఖ్య 2,14,74,83,647. అందులో పట్టని సంఖ్యను డేటాబేసు నిరాకరిస్తుంది. కాని ఆ అంచుకు చేరువలో ఉన్న సంఖ్య ఒక్కటి లోపల ప్రవేశించినా చాలు. మీట అక్కడికి ఎగిరిపోతుంది. ఆ తరువాత ఇవ్వటానికి సంఖ్యలు ఉండవు. కనుక చేర్చే ముందే పెద్ద సంఖ్యలను ఒకసారి కంటితో చూడాలి.

రెండు ఆసుపత్రుల లెక్కలు కలిపితే

ఇంతవరకు చెప్పినది ఒకే మూలం నుండి వచ్చిన దత్తాంశం సంగతి. రెండు ఆసుపత్రుల పట్టికలను ఒకటిగా కలపవలసి వస్తే ఇద్దరిలోనూ 4వ రోగి ఉంటాడు. అప్పుడు పాత సంఖ్యలను ప్రైమరీ కీలుగా నిలుపుకోవటం సాధ్యం కాదు. ఏ ఆసుపత్రి, అక్కడి పాత సంఖ్య, ఇక్కడి కొత్త సంఖ్య అనే మూడు గడులతో ఒక జాబితా తయారుచేయాలి. చేర్పు ముగిసిన తరువాత కూడా ఈ జాబితాను పారవేయరాదు. పాత చీటీతో వచ్చిన రోగిని గుర్తించటానికి అదే ఆధారం.

మరొక మార్గం యు.యు.ఐ.డి. అనే 128 బిట్ల గుర్తు. దీనిని 32 అంకెలుగా, మధ్య నాలుగు గీతలతో వ్రాస్తారు. ఎవరినీ అడగకుండా ఎక్కడికక్కడ పుట్టించుకున్నా రెండు గుర్తులు ఒకటయ్యే అవకాశం లెక్కలోకి రానంత తక్కువ. ఇందులో 5వ రకానికి ఒక విశేషం ఉన్నది. ఒకే పేరు నుండి ఎన్నిసార్లు పుట్టించినా ఒకే గుర్తు వస్తుంది. "మొదటి ఆసుపత్రి, 4వ రోగి" అనే మాట నుండి గుర్తును పుట్టిస్తే, చేర్పు మధ్యలో ఆగి మళ్ళీ మొదటి నుండి చేసినా ఆ రోగికి అదే గుర్తు లభిస్తుంది. పరీక్షగా పదిసార్లు నడిపి చూడవలసిన చోట ఇది ఎంతో ఉపకరిస్తుంది.

అర్థం ఉన్న సంఖ్యలు

ఇట్లా సంఖ్యలు కల్పించటం ఎందుకు, లోకంలో ముందే ఉన్న గుర్తునే వాడుకోరాదా అని ప్రశ్న రావచ్చును. వాడుకోవచ్చును, ఆ గుర్తు ఎన్నడూ మారనిదైతే. కాని అర్థం నింపుకున్న గుర్తులకు ఆయుర్దాయం తక్కువ.

వాహనాల సంఖ్యలే ఉదాహరణ. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడకముందు హైదరాబాదులో నమోదైన వాహనాలకు ముందు ఏ.పీ. అనే అక్షరాలు ఉండేవి. ఏర్పడిన తరువాత నమోదైనవాటికి టీ.ఎస్. వచ్చింది, 2024 మార్చి నుండి కొత్తవాటికి టీ.జీ. ఇస్తున్నారు. ముందరి అక్షరాలను చూచి వాహనం ఏ రాష్ట్రానిదో తేల్చే ప్రోగ్రాము ఇక్కడ తప్పులో కాలు వేస్తుంది. జిల్లాల సంగతీ అంతే. తెలంగాణలోని 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. జిల్లా సంకేతాన్ని రోగి సంఖ్యలో ఇమిడ్చి దానినే ప్రైమరీ కీగా వాడి ఉంటే, ఆ తేదీలలో ఎన్ని పట్టికలను తిరగవ్రాయవలసి వచ్చేదో ఊహించవచ్చును. అందుచేత అర్థంలేని సంఖ్యను ప్రైమరీ కీగా ఉంచి, అర్థం ఉన్నదానిని పక్క గడిలో ఉంచటం ఉత్తమం. పక్క గడి మారితే ఒక్క వరుస మారుతుంది. కీ మారితే బంధుత్వాలన్నీ మారుతాయి.

ముందు సున్నాలు ఉన్న గుర్తుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. "0047" అనే దానిని సంఖ్యగా తీసుకుంటే 47 అవుతుంది. పాత కాగితం మీద 0047, 47 అనే రెండు వేరువేరు గుర్తులు ఉండి ఉంటే ఆ రెండూ ఒకటైపోతాయి. అటువంటి గుర్తులను అంకెలుగా కాక అక్షరాలుగానే దాచాలి.

సరిచూచుకొనుట

పని ముగిసినట్లు చెప్పటానికి ముందు కొన్ని పరీక్షలు చేయాలి. పాత పట్టికలో ఎన్ని వరుసలున్నాయో కొత్త దానిలోను అన్నే ఉన్నాయా? అన్నింటికంటె చిన్న సంఖ్య, పెద్ద సంఖ్య రెండుచోట్లా ఒకటేనా? తల్లి వరుస లేని బిడ్డ వరుసలు ఏవైనా ఉన్నాయా? మీట పెద్ద సంఖ్యను దాటి ఉన్నదా? ఇవి కంప్యూటరు చేయగల పరీక్షలు.

ఐతే సోమయ్య పెన్సిలిన్ సీతమ్మకు చేరిన పొరపాటును ఈ పరీక్షలలో మొదటిదీ మూడవదీ పట్టుకోలేవని గుర్తుంచుకోవాలి. అక్కడ వరుసల లెక్క సరిపోతుంది. తల్లిలేని బిడ్డలూ ఉండరు. పెద్ద సంఖ్య 7 ఉండవలసిన చోట 4 ఉండటం ఒక్కటే అనుమానం కలిగించేది. కనుక ఒక మనిషి కూర్చుని, పట్టిక మొదటినుండి కొన్ని, మధ్యనుండి కొన్ని, చివరినుండి కొన్ని వరుసలు తీసి, పాత కాగితంతో పేరుకు పేరు, మందుకు మందు పోల్చి చూడవలసిందే. ముఖ్యంగా సంఖ్యలలో ఖాళీ వచ్చిన చోటికి వెంటనే తరువాత ఉన్న వరుసలను చూడాలి. సంఖ్యలు జారిపోయి ఉంటే ఆ జారుడు మొదలయ్యేది అక్కడనే. ఈ పరీక్షలన్నీ అసలు పట్టికల మీద కాక ముందుగా ఒక నకలు మీద చేయటం వివేకం.

యంత్రానికి సంఖ్యలు కల్పించటం తెలుసు. నియమం తప్పిన సంఖ్యను నెట్టివేయటం తెలుసు. ఆ సంఖ్య వెనుక ఉన్నది ఏ మనిషో దానికి తెలియదు. అది తెలిసినది ఆసుపత్రి గుమాస్తాకు, కాంపౌండరుకు, పాత రిజిస్టరుకు. లెక్కలను మార్చే రోజున వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకొనడం అవసరం.